పట్టుబడి నాటికి మారని మాట

ధవళేశ్వరం దిగువన గౌతమిగా విడివడిన గోదావరి, కపిలేశ్వరపురం దగ్గర లంక భూములను ఒరుసుకుంటూ సాగి, కోటిపల్లి మీదుగా సముద్రం వైపు మళ్లుతుంది. నదితోపాటు దిగువకు వెళ్లేకొద్దీ నేల మీది పంట కూడా మారుతూ వస్తుంది. ఎగువన వరి, అరటి, కొబ్బరి పచ్చగా పరచుకొని ఉంటే, తీరానికి చేరువైన ముమ్మిడివరం, కాట్రేనికోన, ఉప్పలగుప్తం, అల్లవరం మండలాల్లో వాటి మధ్య రొయ్యల చెరువులు వరుసగా కనిపిస్తాయి. ఎగువ రైతు ధాన్యం అమ్మేటప్పుడు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర వైపు చూస్తాడు. దిగువ రైతు పండించే రొయ్యకు అటువంటి మద్దతు ధర లేదు. దాని ధర ఢిల్లీకీ వాషింగ్టన్‌కూ మధ్య సాగే మాటలను బట్టి పెరుగుతుంది, పడిపోతుంది.

దౌత్యం అనగానే దేశాధినేతల కరచాలనాలు, విందులు, ఉమ్మడి ప్రకటనలు గుర్తుకు రావడం సహజం. అయితే దౌత్యమంటే ఒక దేశం తన అవసరాలను, అభ్యంతరాలను మరొక దేశంతో మాటల ద్వారా తేల్చుకొనే నిరంతర వ్యవహారం. ఆ మాటలు కాగితం మీదికి ఎక్కి ఉభయ ప్రభుత్వాలనూ కట్టిపడేసినప్పుడు ఒప్పందాలవుతాయి. రెండు దేశాలకే పరిమితమైన ఇటువంటి వ్యవహారాన్ని ద్వైపాక్షిక సంబంధం అంటారు. భారత్, అమెరికాల మధ్య ఆ సంబంధం ఏపాటి గట్టిదో గ్రహించడానికి రాజధానుల్లోని సమావేశ మందిరాల కంటే గోదావరి డెల్టాలోని చెరువు గట్టే సరైన చోటు. ఎందుకంటే మాట నిలిచినా, తప్పినా దాని ఫలితం అక్కడ కిలోల లెక్కన తేలిపోతుంది.

పసిఫిక్ తీరం నుంచి కోనసీమ చెరువుకు

ఈ చెరువుల్లో నేడు అధికంగా పెరుగుతున్న వనామీ రొయ్య బంగాళాఖాతానికి చెందినది కాదు. మెక్సికో నుంచి పెరూ వరకు సాగిన పసిఫిక్ మహాసముద్ర తీరం దాని పుట్టిల్లు. అంతకుముందు ఇక్కడ పెంచిన టైగర్ రొయ్య స్థానిక జాతే అయినా, 1994-95 ప్రాంతంలో తెల్లమచ్చ వైరస్ కోస్తా చెరువులను ఊడ్చిపెట్టడంతో ఆ సాగు చితికిపోయి, మళ్లీ పూర్వపు స్థితికి చేరలేకపోయింది. ప్రయోగాత్మక సాగు ఫలితాలను పరిశీలించిన మీదట 2009లో కేంద్ర ప్రభుత్వం వనామీకి అనుమతి ఇచ్చింది. ఆ తరువాత, నిర్దేశించిన రోగకారక క్రిములు లేవని పరీక్షించి ధ్రువీకరించిన తల్లిరొయ్యలు అమెరికాలోని హవాయి, ఫ్లోరిడాల నుంచి, మరికొన్ని దేశాల నుంచి విమానాల్లో చెన్నైకి రావడం మొదలైంది. చెన్నై శివారు నీలాంకరైలోని క్వారంటైన్ కేంద్రంలో వాటిని విడిగా ఉంచి, మరొకసారి పరీక్షించి, ఆ తరువాతే కోస్తా హేచరీలకు పంపుతారు. ఆ హేచరీల్లో పుట్టిన పిల్లలే, రైతుల మాటలో చెప్పాలంటే సీడ్, కోనసీమ చెరువులకు చేరుతాయి.

సీడ్ వదిలిన రోజు నుంచి చెరువుకు రాత్రీ పగలూ కాపలా ఉండాలి. ఏరియేటర్ల చక్రాలు నీటిని చిలుకుతూ రొయ్యకు ప్రాణవాయువు అందిస్తుంటాయి. కరెంటు పోయి, డీజిల్ ఇంజన్ కూడా అందుకోకపోతే తెల్లవారేసరికి పంట తేలిపోవచ్చు. గట్టు మీది నుంచి చెక్ ట్రేను పైకి లాగి, వేసిన మేత మిగిలిందా, రొయ్య పేగు నిండుగా ఉందా, పెంకు మెత్తబడిందా అని రైతు ప్రతిపూటా చూసుకుంటాడు. కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ సంఖ్యను కౌంట్ అంటారు. 100 కౌంట్ అంటే కిలోకు నూరు, 30 కౌంట్ అంటే కిలోకు ముప్పై; కౌంట్ దిగేకొద్దీ రొయ్య పెద్దదై ధర పెరుగుతుంది. సుమారు 30 నుంచి 50 కౌంట్ వరకు ఉండే పెద్ద రొయ్యకు అమెరికాయే ప్రధాన గిరాకీదారు కాగా, 100 కౌంట్ వంటి చిన్న రొయ్య ఎక్కువగా చైనా మొదలైన మార్కెట్లకు పోతుంది. కాబట్టి 100 కౌంట్ దగ్గర పట్టుబడి చేయకుండా, అంటే రొయ్యను పట్టి అమ్మకుండా, 30 కౌంట్ వరకు ఆగే రైతు, మరికొన్ని వారాల మేత ఖర్చును, కరెంటు బిల్లును, వైరస్ భయాన్ని భరిస్తూ, తనకు తెలియకుండానే రెండు దేశాల మైత్రి మీద పెట్టుబడి పెడుతున్నాడు.

ఆ పెట్టుబడి చిన్నదేమీ కాదు. సముద్ర ఉత్పత్తుల ఎగుమతుల అభివృద్ధి సంస్థ లెక్కల ప్రకారం 2024-25లో భారతదేశం సుమారు 62,408 కోట్ల రూపాయల విలువైన సముద్ర ఉత్పత్తులను ఎగుమతి చేయగా, అందులో 43,334 కోట్లు శీతలీకరించిన రొయ్యల ద్వారానే వచ్చాయి. ఆ ఏడాది ఎగుమతైన 7,41,529 టన్నుల రొయ్యల్లో 3,11,948 టన్నులు, అంటే ప్రతి వంద కిలోలకు 42 కిలోలు, అమెరికాకే వెళ్లాయి. దేశంలో రొయ్యల ఉత్పత్తిలో ప్రథమ స్థానం ఆంధ్రప్రదేశ్‌దే కాబట్టి ఈ అంకెల భారం, ఫలం రెండూ ముందుగా ఈ తీరానికే చెందుతాయి.

సుంకం ఎవరి మీద పడుతుంది

సుంకం అంటే సరుకు విదేశీ రేవులో దిగినప్పుడు ఆ దేశపు దిగుమతిదారు తన ప్రభుత్వానికి చెల్లించే పన్ను. చట్ట ప్రకారం అది అమెరికా వ్యాపారి కట్టవలసినదే అయినా, అతడు ఆ భారంలో కొంత అక్కడి కొనుగోలుదారుల మీద వేసి, మిగిలినది తగ్గించుకొమ్మని భారతీయ ఎగుమతిదారును అడుగుతాడు. ఎగుమతిదారు ప్రాసెసింగ్ ప్లాంటు కొనుగోలు ధరను తగ్గిస్తాడు. ఆ తగ్గింపు ఏజెంటు ద్వారా చెరువు గట్టుకు చేరుతుంది. ఆ గొలుసులో రైతుకు కింద ఇంకెవరూ లేరు. పట్టిన రొయ్యను ఐసులో ఎన్నాళ్లో ఉంచలేడు; పట్టకుండా చెరువులోనే ఉంచితే మేత ఖర్చు ఆగదు. అందుచేత చెప్పిన ధరకు ఇవ్వక తప్పదు.

2025లో జరిగిన పరిణామాలను ఈ వెలుగులో చూడాలి. ఆ సంవత్సరం ఏప్రిల్ 2న అమెరికా ప్రభుత్వం భారతీయ సరుకుల మీద 26 శాతం ప్రతిసుంకం, అంటే ఎదుటి దేశపు సుంకాలకు బదులుగా విధించే సుంకం, ప్రకటించింది. కొద్ది రోజులకే దానిని వాయిదా వేసి 10 శాతం మాత్రం అమలు చేసింది. ఆగస్టు 7 నుంచి దానిని 25 శాతానికి పెంచింది. భారతదేశం రష్యా చమురు కొంటున్నదన్న కారణంతో మరో 25 శాతం జోడించడంతో ఆగస్టు 27 నాటికి అది 50 శాతానికి చేరింది. రొయ్య మీద అప్పటికే వేరే రెండు సుంకాలు ఉన్నాయి. సరుకును సరైన ధర కంటే తక్కువకు విదేశంలో కుమ్మరిస్తున్నారన్న ఆరోపణ మీద 2005 నుంచి విధిస్తున్న యాంటీ డంపింగ్ సుంకం ఒకటి. ప్రభుత్వ రాయితీల వల్ల ధర తగ్గుతున్నదని 2024 చివర చాలా సంస్థలకు 5.77 శాతంగా నిర్ణయించిన ప్రతితులన సుంకం మరొకటి. ఇవన్నీ కలిసి భారతీయ రొయ్య అమెరికా మార్కెట్లో భారమైపోగా, భౌగోళికంగా అమెరికాకు చేరువలో ఉండి తక్కువ సుంకం పడిన ఈక్వెడార్ రొయ్యకు ఆ మేరకు అనుకూలించింది. ఏప్రిల్లోనే రాష్ట్ర ముఖ్యమంత్రి నారా చంద్రబాబు నాయుడు కేంద్ర వాణిజ్య మంత్రి పీయూష్ గోయల్‌కు లేఖ రాసి ఆక్వా రంగాన్ని ఆదుకోవాలని కోరారు.

ఏప్రిల్ 2 నుంచి ఆగస్టు 27 వరకు 147 రోజులు. పెద్ద కౌంటుకు పెంచే వనామీ పంట దాదాపు నాలుగు నెలలు. అంటే ఇంచుమించు ఒక్క పంట కాలంలో రేటు నాలుగు రకాలుగా వినిపించింది. సీడ్ వదిలిన నాడు ఒక లెక్క, డీలరు దగ్గర మేత అప్పు పెరుగుతున్న నాడు మరొక లెక్క, వలలు దింపిన నాడు వేరొక లెక్క అయితే, ఎంత నేర్పరి రైతైనా సాగును లెక్కతో చేయలేడు. అది జూదంగా మారుతుంది. సుంకం ఎక్కువ కావడం ఒక నష్టం. రేపు ఎంత అవుతుందో తెలియకపోవడం అంతకు మించిన నష్టం.

తగాదాలు తీరిన దారులు

ఇటువంటి చిక్కులు ఈ రెండు దేశాల మధ్య కొత్త కావు. వాటిని తీర్చుకొనే పద్ధతులు కూడా కొత్త కావు. సముద్రంలో రొయ్యల కోసం వేసే ట్రాల్ వలల్లో చిక్కి తాబేళ్లు చనిపోతున్నాయని, తాబేలు తప్పించుకొనే ద్వారం లేని వలలతో పట్టిన రొయ్యను కొనరాదని అమెరికా ఆంక్ష పెట్టినప్పుడు, భారత్, మలేసియా, పాకిస్థాన్, థాయ్‌లాండ్ దేశాలు ప్రపంచ వాణిజ్య సంస్థను ఆశ్రయించాయి. తాబేళ్లను కాపాడాలన్న ఉద్దేశం సమంజసమే గాని, దానిని అమలు చేసిన తీరులో దేశాల మధ్య వివక్ష ఉందని ఆ సంస్థ అప్పీలు విభాగం 1998 అక్టోబరులో తేల్చింది. ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టే తీరాల్లో ఆంధ్ర తీరం కూడా ఒకటి కనుక ఆ తీర్పులోని మొదటి సగం ఇక్కడివారికి కూడా వర్తించే మాటే. యాంటీ డంపింగ్ సుంకానికి తోడు భారీ పూచీకత్తు బాండ్లు కూడా కట్టాలన్న అమెరికా నిబంధన మీద భారత్ వేసిన మరొక వ్యాజ్యంలో, ఆ భారం సమంజసం కాదని 2008లో తీర్పు వచ్చింది. 2023 జూన్‌లో ప్రధాని నరేంద్ర మోదీ అమెరికా పర్యటన సందర్భంగా ఉభయ దేశాలు ప్రపంచ వాణిజ్య సంస్థలో పెండింగులో ఉన్న ఆరు వివాదాలను పరస్పర అంగీకారంతో ముగించుకున్నాయి. అందులో భాగంగా బాదం, అక్రోటు, ఆపిల్, శనగల వంటి అమెరికా సరుకుల మీద వేసిన అదనపు సుంకాలను భారత్ తొలగించింది.

వీటిలో మొదటి రెండు సందర్భాల్లోనూ గమనించవలసిన సంగతి ఒకటే. తగాదా వచ్చినప్పుడు ఎవరి బలం ఎంత అన్న ప్రశ్న వెనక్కి పోయి, రాసుకున్న నియమం ఏమి చెబుతున్నదన్న ప్రశ్న ముందుకు వచ్చింది. చిన్న మనిషికి అండ దొరికేది అటువంటి చోటనే.

రొయ్యను మించిన బంధం

కేవలం కొనుగోళ్లు, అమ్మకాల మీద నిలిచిన సంబంధమైతే 2025 నాటి కుదుపుకు అది తెగిపోయి ఉండేది. తెగకపోవడానికి కారణం దాని వెనుక ఉన్న మనుషుల చరిత్ర. 1895లో భీమవరంలో పుట్టి, రాజమహేంద్రవరంలో చదువుకున్న యల్లాప్రగడ సుబ్బారావు అమెరికా చేరి, హార్వర్డ్‌లోనూ, ఆ తరువాత లెడర్లీ ప్రయోగశాలల్లోనూ పరిశోధనలు సాగించారు. ఆయన నాయకత్వంలో వెలువడిన డైఇథైల్ కార్బమజైన్ అనే మందు బోదకాలు వ్యాధికి వాడే మాత్ర అయింది. గోదావరి తీర గ్రామాలను తరతరాలుగా పీడించిన ఆ జబ్బుకు, గోదావరి బిడ్డ అమెరికా ప్రయోగశాలలో సాధించిన మందు, ఆరోగ్య కార్యకర్తల చేతుల మీదుగా మళ్లీ గోదావరి ఇళ్లకే చేరింది. ఒక దేశపు విద్యాలయం మరొక దేశపు మేధకు తలుపు తెరిస్తే లాభం ఉభయులకూ, లోకానికీ కూడా ఎలా అందుతుందో చెప్పడానికి ఇంతకు మించిన ఉదాహరణ అవసరం లేదు.

ప్రభుత్వాల మధ్య దారి మాత్రం ఎప్పుడూ సాఫీగా లేదు. 1956లో కుదిరిన పి.ఎల్. 480 ఒప్పందం కింద అమెరికా గోధుమలు కరువు రోజుల్లో ఆదుకున్నా, ఆ ఆధారపడటం స్వాభిమానాన్ని నొప్పించింది. 1998 అణుపరీక్షల తరువాత అమెరికా ఆంక్షలు విధించింది. మరోవైపు, తెలుగువాడైన ప్రధాని పి.వి. నరసింహారావు 1991లో ఆర్థిక సంస్కరణలకు తెరతీసి, 1994 మేలో అమెరికా చట్టసభల ఉమ్మడి సమావేశంలో ప్రసంగించారు. 2000 మార్చిలో అధ్యక్షుడు బిల్ క్లింటన్ హైదరాబాదు వచ్చారు. 2008లో అమెరికా కాన్సులేట్ అక్కడ ప్రారంభమై, వీసా కోసం తెలుగు విద్యార్థులు చెన్నైకి పరుగెత్తవలసిన అవసరం తగ్గింది. అదే ఏడాది అక్టోబరులో పౌర అణు ఒప్పందం మీద సంతకాలు జరిగాయి.

కోనసీమకు మరింత దగ్గరగా తాకే సహకారం విపత్తులకు సంబంధించినది. 1996 నవంబరు 6 రాత్రి కాకినాడకు దక్షిణంగా తీరం దాటిన తుపాను కోనసీమ కొబ్బరి తోటలను నేలకూల్చి, వెయ్యికి పైగా ప్రాణాలను బలిగొన్నది. అటువంటి మరో విపత్తులో, 2004 డిసెంబరు సునామీ సమయంలో, భారత్, అమెరికా, జపాన్, ఆస్ట్రేలియా నౌకలు కలిసి సహాయానికి కదిలాయి. నేడు క్వాడ్ అని పిలిచే నాలుగు దేశాల కూటమికి బీజం అక్కడే పడింది. 2019 నుంచి విశాఖపట్నం, కాకినాడ తీరాల్లో భారత్, అమెరికా బలగాలు టైగర్ ట్రయంఫ్ పేరుతో విపత్తు సహాయ విన్యాసాలు నిర్వహిస్తున్నాయి. 2025 జులై 30న శ్రీహరికోట నుంచి ఎగిరిన నిసార్ ఉపగ్రహంలో ఒక రాడార్ నాసాది, మరొకటి ఇస్రోది; అది 12 రోజులకొకసారి భూమిని పరిశీలిస్తూ నేల స్వల్పంగా కుంగినా కొలవగలదు. సముద్రమట్టానికి అతి కొద్ది ఎత్తులో ఉన్న డెల్టా ప్రజలకు ఆ కొలత విలువ ప్రత్యేకంగా చెప్పనక్కర లేదు. సుంకాల మీద చర్చలు బిగుసుకుపోయిన నెలల్లోనే ఈ ఉపగ్రహం ఎగరడం, ఆ అక్టోబరులో గూగుల్ సంస్థ విశాఖపట్నంలో అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడిని ప్రకటించడం, ఒక తలుపు మూసుకున్నా మిగిలినవి తెరిచే ఉన్నాయనడానికి నిదర్శనం.

ఒప్పందం ఎలా ఉండాలి

2025 ఫిబ్రవరి 13న ఉభయ దేశాల నాయకులు తమ మధ్య వాణిజ్యాన్ని 2030 నాటికి 50,000 కోట్ల డాలర్లకు, అంటే రెట్టింపుకు మించి, పెంచాలని లక్ష్యం ప్రకటించారు. లక్ష్యం ఘనమైనదే; కానీ ప్రజాస్వామ్య దేశాల మధ్య ఒప్పందం నిదానంగా కుదరడానికి ఒక కారణం ఉంది. అమెరికా దక్షిణ తీరంలో, లూసియానా వంటి రాష్ట్రాల్లో, పడవ వేసుకొని సముద్రంలో రొయ్యలు పట్టి బతికే కుటుంబాలు ఉన్నాయి; దిగుమతి రొయ్య వల్ల తమ సరుకు ధర పడిపోతున్నదని వారు తమ ప్రజాప్రతినిధులను నిలదీస్తారు. ఇక్కడ పాడి రైతు, మొక్కజొన్న రైతు, సోయా రైతు అమెరికా సరుకు వెల్లువెత్తితే తమ గతి ఏమిటని అంతే న్యాయంగా అడుగుతారు. ఓటు ఉన్నచోట ఈ గొంతులను ఏ ప్రభుత్వమూ విననట్టు ఉండలేదు. ఆలస్యమైనా, ఇటువంటి గొంతులన్నీ విని చేసుకున్న ఒప్పందమే ప్రభుత్వాలు మారినా నిలుస్తుంది.

ఇవతలి వైపు చేయవలసిన పనులు కూడా ఉన్నాయి. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యురాన్ వంటి నిషిద్ధ యాంటీబయాటిక్ అవశేషాలు ఒక్క కంటైనర్‌లో దొరికినా మొత్తం తీరానికి చెడ్డపేరు వస్తుంది. అందుకే పట్టుబడికి ముందు పరీక్షను తంతుగా కాక నిష్ఠగా జరపాలి. చెరువుల ఉప్పునీరు పక్కనున్న వరి పొలాన్ని, తాగునీటి బావిని చెరచకూడదు; 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, దాని తరువాత 2005లో వచ్చిన తీరప్రాంత ఆక్వాకల్చర్ ప్రాధికార సంస్థ చట్టం చెప్పేది ఇదే. ప్లాంట్లలో మంచుగడ్డల మధ్య గంటల తరబడి నిలబడి రొయ్య తల తీసి, పొట్టు ఒలిచే మహిళలకు న్యాయమైన కూలి, భద్రత అందాలి. ఒకే మార్కెట్ మీద ఆధారపడటం కూడా తగ్గాలి. 2022 డిసెంబరులో అమలులోకి వచ్చిన ఆస్ట్రేలియా ఒప్పందం, 2025 జులై 24న బ్రిటన్‌తో సంతకమైన ఒప్పందం ఆ దిశలో వేసిన అడుగులు. గిరాకీదారులు నలుగురు ఉన్న రైతుతో ఎవరైనా మర్యాదగా బేరమాడతారు. దేశాల విషయంలోనూ అంతే.

ఇక ఒప్పందంలో కోనసీమ రైతు కోరదగినది ఏమిటన్న ప్రశ్నకు జవాబు 2025 ఆగస్టు ఉత్తర్వులోనే దొరుకుతుంది. అదనపు సుంకం అమలయ్యే ఆగస్టు 27 కంటే ముందే ఓడకెక్కి దారిలో ఉన్న సరుకుకు, సెప్టెంబరు 17లోగా అమెరికా రేవు దాటితే ఆ భారం పడదని మినహాయింపు ఇచ్చారు. సముద్రం మీద ఉన్న సరుకు యజమాని తన నిర్ణయాన్ని ఇక మార్చుకోలేడన్న న్యాయాన్ని ఆ మినహాయింపు గుర్తించింది. చెరువులో సగం పెరిగిన రొయ్యను సాకుతున్న రైతు కూడా సరిగ్గా అదే స్థితిలో ఉన్నాడు. అతడు కూడా దారి మధ్యలోనే ఉన్నాడు. వెనక్కి తిరిగే వీలు అతనికీ లేదు. కానీ ఓడలోని సరుకుకు దొరికిన గడువు చెరువులోని సరుకుకు దొరకలేదు.

అందువల్ల రేపటి ఒప్పందంలో ఏ సుంకమైనా మార్చడానికి కనీసం ఒక పంట కాలం ముందుగా తెలియజేయాలన్న షరతు, వివాదం వస్తే నిర్ణీత గడువులో తేల్చే ఉమ్మడి మండలి, ఒక దేశపు గుర్తింపు పొందిన ప్రయోగశాల ఇచ్చిన నివేదికను రెండో దేశం అంగీకరించే ఏర్పాటు ఉండాలి. ఇవి పెద్ద వరాలు కావు. మర్యాదగల ఇద్దరు పొరుగువారు పరస్పరం పాటించుకొనే కట్టుబాట్లు. రెండు ప్రజాస్వామ్యాల స్నేహం ఎంత గట్టిదో తేల్చే రోజు సంతకాలు జరిగిన రోజు కాదు. తెల్లవారుజామున గౌతమి పాయల పక్కన చెరువులోకి వలలు దిగి, తూకం మొదలై, సీడ్ వదిలిన నాడు విన్న మాటే ఆ రోజు కూడా చెల్లుతున్నదని రైతుకు రూఢి అయిన రోజు.